దివా: సెనేట్ ఇచ్చిన దైవత్వం

నేడు పేరుమోసిన గాయనిని ‘దివా’ అంటున్నాం. సంస్కృత ‘దేవ’కు దాయాది అయిన ఈ లాటిన్ మాట రోమన్ బంగారు నాణేలపై పొగడ్త కాదు, అధికారిక హోదా. చక్రవర్తి ఆంటోనినస్ పయస్ భార్య ఫౌస్టీనా బతికుండగా నాణేలపై ‘అగస్టా’. క్రీ.శ. 140లో ఆమె మరణించి, సెనేట్ దైవత్వం ప్రకటించాక ‘దివా ఫౌస్టీనా’. కవులు జూనో వంటి పుట్టుదేవతల్నీ దివా అన్నారు కదా అనవచ్చు. నిజమే, కానీ నాణేల భాషలో అది తీర్మానంతో దేవత అయిన మనిషికి దక్కే బిరుదు.

ఇదంతా రాజవంశ ప్రచారమేనన్న వాదనలో కొంత నిజముంది. అయినా ఉత్త ప్రచారమైతే చనిపోయిన భార్య పేర నాణేలు భర్త మరణించిన 161 దాకా అంత విరివిగా వెలువడేవి కావు; రోమ్ నగర కూడలి ‘ఫోరం’లో ఆమెకు గుడీ లేచేది కాదు. దాని స్తంభాలు నేటికీ నిలిచే ఉన్నాయి. ఫౌస్టీనా బంగారు నాణెం ఒకటి మన నాగార్జునకొండ తవ్వకాల్లోనూ దొరికింది.