వాక్‌స్వాతంత్ర్యానికి మతం హద్దా? – లాహోరు కేసు చెప్పే చరిత్ర

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని ఎవరో అనరాని మాట అన్నారని వార్త వస్తుంది. జుమా నమాజు అయ్యాక మసీదు గుమ్మం దగ్గర నలుగురు చేరతారు. "ఇంకా ఊరుకోవడమేనా?" అంటారు కుర్రవాళ్ళు. "కోర్టులున్నాయి, తొందరపడకండి" అంటారు పెద్దవాళ్ళు. చదువుకున్నవారు ఒకరిద్దరు "ఎవరి నోరు వారిది, రాజ్యాంగం ఇచ్చిన హక్కు కదా" అని మెల్లగా అంటారు. మతం మాటకు హద్దు పెట్టవచ్చునా, పెడితే ఆ గీత ఎవరు గీయాలి అన్న ఈ వాదం నిన్న మొన్న పుట్టింది కాదు. సుమారు వందేళ్ళ క్రితమే మన పెద్దలు దీని మీద కోర్టుల్లోనూ శాసనసభలోనూ పోట్లాడి ఒక చట్టం చేయించుకున్నారు. 295-ఏ అన్న అంకె చాలామందికి తెలుసు. అది ఎలా పుట్టిందో, అందులో ఏ మాట ఎందుకు చేర్చారో మాత్రం మన ఇళ్ళలో చెప్పుకోవడం తక్కువ. అందుకని ఈ సంచికలో ఆ కథ చెప్పదలిచాము.

ఆ రోజుల్లో పంజాబులో మతవాదాల జోరు ఎక్కువ. క్రైస్తవ మిషనరీలు, ఆర్యసమాజం వారు, మన మౌల్వీలు ఒకరి మీద ఒకరు పుస్తకాలు, కరపత్రాలు వేసేవారు. ఎదురెదురుగా కూర్చుని చేసే మునాజరాలకు జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చేవారు. వాదం వాదంగా సాగినంతకాలం ఎవరికీ నష్టం లేదు. ఖిలాఫత్ ఉద్యమం చల్లారిన తరువాత మాత్రం రాతల్లో విషం పెరిగింది. నిజం చెప్పాలంటే మన వైపు నుంచి వచ్చినవన్నీ సభ్యంగా ఉన్నాయని అనలేము. హిందువులు పూజించే వారిని కించపరుస్తూ అచ్చయిన కరపత్రాలూ ఉన్నాయి.

1924లో లాహోరులో రాజ్‌పాల్ అనే పుస్తకాల వ్యాపారి దైవప్రవక్త (స) వారి కుటుంబ జీవితాన్ని ఎగతాళి చేస్తూ ఒక చిన్న పుస్తకం వేశాడు. దాని పేరు చరిత్ర పుస్తకాలలో ఉంది. మన సావనీరులో అచ్చు వేయడం మాకు ఇష్టం లేదు. రచయిత పేరు పుస్తకం మీద లేదు, రాజ్‌పాల్ చివరిదాకా బయట పెట్టలేదు. గాంధీజీ ఆ ఏడాదే తన 'యంగ్ ఇండియా'లో ఆ పుస్తకాన్ని గట్టిగా ఖండించారు.

పంజాబు ప్రభుత్వం 153-ఏ కింద కేసు పెట్టింది. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం నేరం అని చెప్పే ఆ సెక్షను 1898లో వచ్చింది. కేసు రెండేళ్ళకు పైగా నడిచింది. 1927 జనవరిలో మేజిస్ట్రేటు 18 నెలల కఠిన శిక్ష, 1000 రూపాయల జుల్మానా వేశాడు. అప్పీలులో శిక్ష 6 నెలలకు తగ్గింది. మే నెలలో లాహోరు హైకోర్టు జడ్జి దలీప్ సింగ్ ఆ శిక్ష కూడా కొట్టివేసి రాజ్‌పాల్‌ను విడిచిపెట్టారు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. పుస్తకం మంచిదని ఆ జడ్జి అనలేదు. ముస్లింల మనసు నొప్పించే రాత అనీ, ద్వేషం నిండిన రాత అనీ ఒప్పుకున్నారు. అయితే గతించిన మతనాయకుని జీవితం మీద దాడి చేయడం వేరు, బతికి ఉన్న ఒక వర్గం మీదికి జనాన్ని రెచ్చగొట్టడం వేరు, 153-ఏ ఆ రెండోదానికే పనికివస్తుంది అన్నారు. లేకపోతే నిజాయితీగా రాసిన చరిత్ర గ్రంథం కూడా నేరమైపోతుందని ఆయన భయం. ఇలాంటి పుస్తకాలను శిక్షించాలంటే చట్టంలో వేరే క్లాజు చేర్చుకోవచ్చునని కూడా సూచించారు. దలీప్ సింగ్ క్రైస్తవుడు. ఇటు హిందువూ కాదు, అటు ముస్లిమూ కాదు. అయినా ఆయన రాజీనామా చేయాలని 'ముస్లిం అవుట్‌లుక్' పత్రిక రాసింది. కోర్టు ధిక్కారం కింద దాని సంపాదకుడు, ప్రచురణకర్త జైలుకు వెళ్ళారు. ఊరూరా సభలు జరిగాయి. మనవాళ్ళ బాధ న్యాయమైనదే. కాని ఆ కోపం జడ్జి మీదికి మళ్ళడం సరికాదని మా అభిప్రాయం. చట్టంలో లేని నేరానికి ఆయన మాత్రం శిక్ష ఎక్కడి నుంచి తెస్తారు?

నిజంగానే చట్టంలో ఒక కంత ఉండిపోయింది. 1837లో మెకాలే బృందం శిక్షాస్మృతి ముసాయిదా రాసినప్పుడు, మతచర్చకు చోటివ్వాలి, చర్చ పేరుతో కావాలని చేసే అవమానాన్ని ఆపాలి అనుకున్నారు. ఆ ఉద్దేశంతో వచ్చిన 298వ సెక్షను మనిషి ఎదుట నోటితో అన్న మాటకు, చేసిన సైగకు మాత్రమే సరిపోతుంది. అంటే వీధిలో నిలబడి తిడితే నేరం, అదే మాట అచ్చు వేసి అమ్మితే సెక్షను లేదు! అదే సంవత్సరం అమృతసర్ నుంచి వచ్చే 'రిసాలా-ఎ-వర్తమాన్' పత్రిక కేసులో అదే హైకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి 153-ఏ కిందే శిక్ష ఖాయం చేసింది. ఒకే కోర్టులో రెండు మాటలు వచ్చాయి గనుక ప్రభుత్వం కొత్త సెక్షను తేవడానికి పూనుకుంది.

బిల్లు కేంద్ర శాసనసభలో సెలెక్టు కమిటీకి వెళ్ళింది. మా దృష్టిలో ఈ కథకంతటికీ గుండెకాయ ఇదే. ఒక మతాన్ని అవమానించే మాట ఒక్కోసారి సద్బుద్ధితో కూడా రావచ్చునని కమిటీ వారు గుర్తించారు. సంఘ సంస్కర్త ఒకడు తన వాళ్ళను నిద్రలేపడానికి చురుక్కుమనే మాట అంటాడు. వాడినీ, బురద చల్లడమే పనిగా పెట్టుకున్నవాడినీ ఒకే గాట కట్టరాదు. అందుకని కేవలం అవమానం ఉంటే చాలదు, అది బుద్ధిపూర్వకంగానూ ద్వేషభావంతోనూ చేసినదై ఉండాలి అని రెండు మాటలు కలిసి ఉండేటట్టు చూశారు. సభలో మహమ్మదలీ జిన్నా కూడా ఇదే పట్టుబట్టారు. మహనీయుల మీద దుమ్మెత్తిపోసేవారిని శిక్షించవలసిందే, అయితే చరిత్ర పరిశోధన చేసేవారికి, సత్యం వెదికేవారికి, మతాన్ని నిజాయితీగా విమర్శించేవారికి రక్షణ ఉండి తీరాలి అని ఆయన వాదన. తరువాతి కాలంలో ఆయన రాజకీయం సంగతి ఎలా ఉన్నా, మన మనసులు మండిపోతున్న ఆ రోజుల్లో ముస్లిం నాయకుడొకడు లేచి విమర్శకుడి హక్కు గురించి మాట్లాడటం చిన్న విషయం కాదు.

1927 సెప్టెంబరులో చట్టం అయింది. రెండేళ్ళ వరకు జైలు. 1961లో దాన్ని మూడేళ్ళు చేశారు. ఏ ఒక్క మతం పేరూ అందులో లేదు. మన కష్టం నుంచి పుట్టిన సెక్షను హిందువుకు, క్రైస్తవునికి, సిక్కుకు కూడా అంతే రక్షణ ఇచ్చింది. వాళ్ళను తూలనాడిన మనవాడికీ అంతే శిక్ష వేస్తుంది.

చట్టం చేతికి వచ్చాక కథ ఆగిపోతే ఎంత బాగుండేది! రాజ్‌పాల్ మీద 1927లోనే రెండుసార్లు దాడి ప్రయత్నం జరిగింది. రెండోసారి దుకాణంలో కూర్చున్న వేరొక స్వామీజీని రాజ్‌పాల్ అనుకుని పొడిచారు. 1929 ఏప్రిల్ 6న ఇల్ముద్దీన్ అనే ఇరవై ఏళ్ళ వడ్రంగుల పిల్లవాడు రాజ్‌పాల్‌ను కత్తితో పొడిచి చంపాడు. అప్పీలులో జిన్నాయే వకీలుగా నిలబడినా ఉరిశిక్ష తప్పలేదు. అక్టోబరు 31న మియాన్వాలీ జైలులో ఉరి తీశారు. లాహోరులో జరిగిన జనాజాకు వచ్చిన జనానికి అంతు లేదంటారు. పాకిస్తాన్‌లో అతని మీద సినిమా కూడా తీశారు. గాజీ అని, షహీద్ అని అతని పేరు చెప్పుకునేవారు మన మధ్యనూ ఉన్నారు. వారి మనసు నొచ్చినా సరే, మేము ఆ మాట అనలేము. కత్తి ఎత్తిన రోజుకు చట్టం వచ్చి ఏడాదిన్నర దాటింది. ఒక తల్లి తన కొడుకును పోగొట్టుకుంది, ఇంకో ఇంట్లో పిల్లలు తండ్రిని పోగొట్టుకున్నారు. ఎవరూ చదవక మూలపడవలసిన పుస్తకం పేరు శాశ్వతమైపోయింది.

దీన్ ఏం చెబుతుందో కూడా ఒక్క క్షణం చూద్దాం. సూరా అల్-అన్ఆమ్‌లోని 108వ ఆయత్ హద్దు పెట్టింది ముందుగా మన నోటికే. ఇతరులు కొలిచే వాటిని దూషించవద్దు, అలా చేస్తే వారు తెలియక అల్లాహ్‌నే దూషిస్తారు అన్నది దాని భావం. తాయిఫ్‌లో రాళ్ళ దెబ్బలు తిన్న దైవప్రవక్త (స) వారు ఆ ఊరి నాశనం కోరలేదు, వారి సంతానంలోనైనా విశ్వాసులు పుడతారని ఆశపడ్డారు. ఇక సహీహ్ బుఖారీ తెరిస్తే మొట్టమొదటి హదీసు నియ్యత్‌ను గురించే. 1927లో సెలెక్టు కమిటీ వారు వెదికిందీ ఆ నియ్యత్‌నే కదా.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగంలో 19వ అధికరణం రాశారు. వాక్‌స్వాతంత్ర్యానికి ఏయే కారణాల మీద హద్దులు పెట్టవచ్చునో అందులో రెండో క్లాజు వరుసగా చెబుతుంది. ఆ వరుసలో మతం అన్న మాటే లేదు. "మనోభావాలు దెబ్బతిన్నాయి" అన్నదీ లేదు. 1951లో మొదటి సవరణ ద్వారా 'ప్రజాశాంతి' అన్న కారణం చేర్చారు. ఆ ఆధారం మీదే 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు 295-ఏ చెల్లుతుందని చెప్పింది. అదీ షరతు మీద. తెలియక అన్న మాట, అజాగ్రత్తగా అన్న మాట దీనికి రావు. బుద్ధిపూర్వకంగా, ద్వేషంతో చేసిన తీవ్రమైన అవమానమే నేరం అని తేల్చింది.

ఆ రెండు మాటలు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే పక్క దేశం వైపు చూడాలి. అదే శిక్షాస్మృతిని వారసత్వంగా పొందిన పాకిస్తాన్ 1986లో 295-సి చేర్చింది. అందులో ఉద్దేశం ప్రస్తావన లేదు. 1990లో అక్కడి ఫెడరల్ షరియత్ కోర్టు ఈ నేరానికి మరణశిక్ష ఒక్కటే శిక్ష అన్నది. 2009లో ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలిమనిషికి పొలంలో నీళ్ళ దగ్గర తోటి ఆడవాళ్ళతో మాటా మాటా వచ్చింది. మరుసటి ఏడాది ఉరిశిక్ష పడింది. ఆమె పక్షాన మాట్లాడిన పంజాబు గవర్నరు సల్మాన్ తాసీర్‌ను 2011 జనవరి 4న ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. చివరకు 2018లో అక్కడి సుప్రీంకోర్టు ఆమె నిర్దోషి అని విడిచిపెట్టింది. చిత్రమేమిటంటే ఆ తేదీ కూడా అక్టోబరు 31. అక్కడ ఈ కేసుల్లో ఇరుక్కున్నవారిలో ముస్లింలే చాలామంది. భూమి తగాదా ఉన్నా, పాత పగ ఉన్నా, ఒక్క నిందతో తీర్చుకోవచ్చు.

మన దగ్గరి ముచ్చట ఒకటి ఉంది. 2013లో ఒక ఇంగ్లీషు వ్యాపార పత్రిక క్రికెటర్ ధోనీని విష్ణుమూర్తి రూపంలో, చేతుల నిండా కంపెనీల సరుకులతో ముఖచిత్రంగా వేసింది. ఆ సరుకుల్లో ఒక బూటు కూడా ఉంది. అనంతపురం కోర్టులో 295-ఏ కింద ఫిర్యాదు పడింది, వారంటు దాకా వెళ్ళింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టివేస్తూ 1957 నాటి తీర్పునే మళ్ళీ తిరగేసింది. బొమ్మ కొందరికి నచ్చకపోవచ్చు, కాని అందులో ద్వేషబుద్ధి ఏదీ అన్నది ప్రశ్న. హిందూ సోదరుల ఫిర్యాదుకు కోర్టు వేసిన ఆ ప్రశ్న రేపు మన ఫిర్యాదుకూ వేస్తుంది, వేయాలి కూడా.

2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. 295-ఏ ఇప్పుడు 299వ సెక్షను. అంకె మారింది, అచ్చు మారింది. లాహోరు గొడవలో పుట్టిన ఆ రెండు మాటలు మాత్రం అందులో అలాగే ఉన్నాయి.