చంక దగ్గర గడ్డ: కత్తి కంటే ముందు సూది ఎలా వచ్చింది?

మన మోపిదేవి, అవనిగడ్డ వైపు పెద్దవాళ్ళ నోట ఒక మాట వినపడుద్ది: "గడ్డకి సూది గుచ్చారంటే ఒళ్ళంతా పాకుద్ది." ఈ మాట నమ్మి, రొమ్ములోనో చంక దగ్గరో చేతికి తగిలిన గడ్డని నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా దాచుకునే అమ్మలు, పిన్నులు ఉన్నారు. అసలా సూది రాకముందు ఆడవాళ్ళ పరిస్థితి ఏంటో చూద్దాం.

1811 సెప్టెంబర్ 30, పారిస్. ఫానీ బర్నీ అనే ఇంగ్లీషు నవలా రచయిత్రికి కుడి రొమ్ములో గడ్డ. నెపోలియన్ సైన్యంలో పేరుమోసిన సర్జన్ లారే చూసి కేన్సర్ అన్నాడు. మత్తుమందు అప్పటికింకా రాలేదు. మెలకువగా ఉండగానే, ఇంట్లోనే రొమ్ము కోసేశారు. ఆ నరకాన్ని ఆవిడ తర్వాత వాళ్ళక్కకి ఉత్తరంలో రాసింది. ఆపరేషన్ అయ్యాక ఇంకో 28 ఏళ్ళు బతికింది. మరి అది నిజంగా కేన్సరేనా? ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేరు!

మత్తుమందు వచ్చాక నొప్పి పోయింది కానీ ఈ చిక్కు పోలేదు. 1880లలో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ము, కింద ఛాతీ కండరం, చంకలో గ్రంథులు అన్నీ కలిపి తీసేసే ఆపరేషన్ మొదలుపెట్టాడు. అదే దశాబ్దాల పాటు పద్ధతైపోయింది. బల్ల మీద మత్తిచ్చి, గడ్డ ముక్క కోసి, అప్పటికప్పుడు మైక్రోస్కోప్ కింద చూసేవాళ్ళు. కేన్సర్ అయితే అక్కడికక్కడే రొమ్ము తీసేసేవాళ్ళు. లేచాక రొమ్ము ఉంటుందో లేదో తెలియకుండానే ఆవిడ సంతకం పెట్టాలన్నమాట. 1974లో రోజ్ కుష్నర్ అనే అమెరికన్ జర్నలిస్టు దీనికి ఒప్పుకోలేదు. ముందు పరీక్ష చేసి చెప్పండి, ఆపరేషన్ సంగతి తర్వాత నేను ఆలోచించుకుంటా అంది. సర్జన్లు చాలామంది కుదరదన్నారు. ఆవిడ రాసింది, పోట్లాడింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు కూడా పరీక్ష వేరు, ఆపరేషన్ వేరు అని ఒప్పుకున్నారు.

విచిత్రం ఏంటంటే, సూది అప్పటికే ఉంది. 1930లోనే న్యూయార్క్‌లో మార్టిన్, ఎలిస్ సూదితో గడ్డలోంచి కణాలు లాగి చూసే పద్ధతి గురించి రాశారు. అక్కడ పెద్దగా పట్టించుకోలేదు. స్వీడన్ డాక్టర్లు దాన్ని పెంచి పోషించారు. అంటే సూది వచ్చిందే కత్తిని ఆపడానికి. ఇన్నేళ్ళ అనుభవంలో సూది పరీక్ష వల్ల ప్రాణానికి ముప్పు పెరిగినట్టు తేలలేదు.

సరే, చంక దగ్గరే ఎందుకు? రొమ్ము గుండ్రంగా ఆగిపోదు, ఒక తోకలా చంక వైపు సాగుద్ది. ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ స్పెన్స్ పేరుతో దాన్ని స్పెన్స్ తోక అంటారు. పైగా చంకలో లింఫ్ గ్రంథులు ఉంటాయి. చేతి మీద పుండు పడినా, టీబీ వచ్చినా అవి ఉబ్బుతాయి. వయసులో ఉన్న అమ్మాయిల్లో వేలి కింద జారిపోయే గడ్డ ఎక్కువగా ఫైబ్రోఅడినోమా, అది కేన్సర్ కాదు. కానీ చేత్తో పట్టి చూసి ఇదీ అని ఎవరూ ఒట్టేయలేరు, లారే అంతటివాడికే కుదరలేదు. నొప్పి లేదు కదా అని వదిలేయడం మాత్రం అసలు కుదరదు. రొమ్ము కేన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు.

అందుకే ఇప్పుడు మూడు పరీక్షలు కలిపి చూస్తారు: డాక్టర్ చేత్తో చూడటం, స్కానింగ్, సూది. చిన్న వయసైతే అల్ట్రాసౌండ్, 40 దాటితే మామోగ్రామ్ కూడా. మూడూ ఒకే మాట చెప్పాలి. ఒకటి తేడాగా చెప్తే మళ్ళీ చూడాల్సిందే. మొక్కు మొక్కుకోండి, సుబ్రహ్మణ్యేశ్వరస్వామి కాదనడు, స్కానింగ్ మాత్రం ఈ వారమే చేయించండి. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998 నుంచి లక్షన్నర మంది ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేస్తేనే 50 దాటినవాళ్ళలో రొమ్ము కేన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి.

బందరులోనో విజయవాడలోనో తీయించిన రిపోర్ట్ ఇంట్లో చదివేది మీరే కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి. కింద బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 1, 2 అయితే స్కానింగ్‌లో అనుమానం లేదు, అయినా చేతికి గడ్డ తగులుతుంటే డాక్టర్‌కి చెప్పండి. 3 అయితే సాధారణంగా ఆరు నెలలకి మళ్ళీ స్కానింగ్. 0 అంటే ఇంకా తేలలేదు, మరో పరీక్ష కావాలి. 4 గానీ 5 గానీ ఉంటే సూది పరీక్ష ఎప్పుడని మీరే అడగండి.