మిరప చేను, గాజు సముద్రం

గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానం పత్తికీ మిరపకూ పెట్టింది పేరు. ఆ చేలకు తూర్పున సముద్రమూ ఉన్నది. సూర్యలంక, ఓడరేవు, కొత్తపట్నం తీరాలను ఎరుగని వారు ఈ ప్రాంతంలో తక్కువ. అయితే అది ఇసుకా ఒండ్రూ కలిసిన తీరం. పగడపు దిబ్బలు అక్కడ లేవు. వాటి కోసం దక్షిణాన మన్నారు సింధుశాఖకో, దూరాన లక్షద్వీపాలకో, అండమానుకో పోవాలి. ఆ దిబ్బల మీద బ్రతికే రంగురంగుల రాస్ చేపలు కనుక మన మైదానానికి పరాయివి. అటువంటి చేపను గుంటూరులోనో ఒంగోలులోనో ఒక గదిలో గాజుతొట్టెలో పెంచడమంటే దాని సముద్రాన్ని కూడా వెంట తెచ్చుకోవడమే. అది సాధ్యమైన చరిత్ర ఆసక్తికరమైనది. అందులో మన మిరప చేనుకూ ఒక పాత్ర ఉన్నది.

లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన ఒక గాజుపాత్రలో బంగారు చేపలనూ, నీటి మొక్కనూ ఉంచి, కుళ్ళిన ఆకులు నీటిని పాడుచేస్తుంటే వాటిని తినడానికి నత్తలను చేర్చాడు. నీరు మార్చకుండానే చేపలు బ్రతికాయి. ఈ పరిశీలనను ఆయన 1850లో ప్రకటించాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల కోసం ప్రత్యేక భవనం తెరిచారు. మరుసటి సంవత్సరం ఫిలిప్ గాస్ పుస్తకంతో 'అక్వేరియం' అనే మాట జనం నోట స్థిరపడింది.

వారింగ్టన్ కుమారుని పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. తండ్రి చేపల తొట్టెను పరిశీలిస్తే కొడుకు పొలాన్ని పరిశీలించాడు. రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాక్షేత్రంలో పనిచేస్తూ, నేలలోని అమ్మోనియా ముందు నైట్రైటుగానూ, పిదప నైట్రేటుగానూ రెండు మెట్లలో మారుతుందని చూపించాడు. ఆ మార్పు తెచ్చే సూక్ష్మజీవులను వేరుచేయడం మాత్రం ఆయనకు సాధ్యపడలేదు. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాద్‌స్కీ ఆ పని పూర్తిచేశాడు.

మన రైతు మిరపకు వేసిన యూరియా నడిచే దారి ఇదే. చేపల తొట్టెలో వ్యర్థాలు నడిచే దారి కూడా ఇదే. భేదమల్లా ఒక్కటి: పైరుకు అన్నమయ్యే అమ్మోనియా చేపకు ప్రాణాంతకం. కనుకనే కొత్త తొట్టెలో ఉప్పునీరు నింపిన వెంటనే రాస్ చేపను విడువరాదు. రాళ్ళ మీదా ఇసుకలోనూ ఆ సూక్ష్మజీవులు వృద్ధి చెందడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ పరీక్షలో సున్నాకు దిగిన తరువాతనే చేపకు చోటు. ఎరువు వాడకం ఎక్కువైన చోట బోరునీటిలో నైట్రేటు ఉంటుంది. ప్రకాశం పడమటి మండలాల నీటిలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. అందువల్ల శుద్ధిచేసిన ఆర్.ఓ. నీటిలో అక్వేరియం ఉప్పు కలుపుకోవడం ఇక్కడ తప్పనిసరి.

గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అప్పటికది మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ చొరవతో 1909లో మెరీనా తీరాన చేపల ప్రదర్శనశాల వెలిసింది. కొత్త నీటికి కొరత రాని చోటది. సముద్రం దగ్గర లేనివారికి దారి చూపినవారిలో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ ముఖ్యుడు. జీవం నిండిన దిబ్బరాళ్ళనూ, గాలిబుడగలనూ నమ్ముకొని తాను నడిపిన తొట్టెల పద్ధతిని ఆయన 1961లో ప్రకటించాడు.

ఇంతవరకు నీటి కథ. ఆ నీటిలో చేపలు ఒకదానితో ఒకటి పొసగడం వేరే చరిత్ర. దానికి మూలం సముద్రంలో మునిగి చేసిన పరిశీలన. 1972లో డి.ఆర్. రాబర్ట్‌సన్ ఆస్ట్రేలియా పగడపు దిబ్బ మీద శుభ్రకారి రాస్ చేపల గుంపులను వర్ణించాడు. ఒక మగచేప, దాని చుట్టూ కొన్ని ఆడచేపలు. మగచేప పోతే ఆడవాటిలో పెద్దది కొద్ది గంటల్లోనే పెత్తనం చేపట్టి, రెండు మూడు వారాల్లో నిజంగా మగదే అయిపోతుంది. రాస్ చేపలలో ఎక్కువ జాతులు ఆడవిగా మొదలై మగవిగా మారేవే. ఈ సంగతి తెలిస్తే తొట్టె నియమం దానంతట అదే బోధపడుతుంది: ఒక జాతికి ఒక్క మగచేప చాలు. ఆడచేపలను ముందు విడిచి, మగదాన్ని తరువాత విడవడం మేలు. ఒకే ఆకారం, ఒకే రంగు గల రెండు మగచేపలకు చిన్న తొట్టెలో సంధి కుదరదు. ఆరు గీతల రాస్ వంటి కోపిష్టిని అన్నిటికంటె చివరనే చేర్చాలి.

నిద్ర కూడా జాతిని బట్టి ఉంటుంది. హాలికోరెస్ జాతులు రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి. వాటికి రెండు మూడంగుళాల సన్నని ఇసుక కావాలి. సిర్రిలాబ్రస్ జాతులు రాళ్ళ సందుల్లో తమ చుట్టూ జిగురు తెర అల్లుకొని నిద్రిస్తాయి. బెదిరితే పైకెగరడం మాత్రం అన్నిటికీ అలవాటే. కనుక సన్నని వలమూత లేని తొట్టె రాస్ చేపకు తగదు. రోజంతా ఈదే చేపలివి. తిండిని కొద్దికొద్దిగా రెండు మూడు మార్లు వేయాలి. కొత్త చేపను మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, తెగులు లేదని తేలాకనే చేర్చాలి.

మన మైదానంలో అసలు పరీక్ష వేసవి. రెంటచింతల ఎండల గురించి వేరే చెప్పనక్కరలేదు. దిబ్బచేపకు ఇరవై అయిదు, ఇరవై ఆరు డిగ్రీల నీరు హాయి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. చేపకు మాత్రం అది ఎక్కువ కావలసి వస్తుంది. ఫ్యాను గాలికి రెండు మూడు డిగ్రీలు దిగవచ్చు. కాని ఆవిరైన నీటికి బదులు మంచినీరే పోయాలి, ఉప్పు అక్కడే మిగిలి ఉంటుంది కాబట్టి. తీరపు ఉక్కపోతలో ఫ్యాను కూడా చాలదు, చల్లబరచే యంత్రమే కావాలి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే గాలిపంపు సిద్ధంగా ఉండాలి. ఏప్రిల్, మే నెలలు దాటించలేని వారు ఈ ముచ్చటకు దిగకపోవడమే ఆ జీవికి చేసే ఉపకారం.

కొన్నిటిని మాత్రం దిబ్బ మీదనే వదలాలి. శుభ్రకారి రాస్ ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులను ఏరుకొని తింటుంది. ఇంటి తొట్టెలో ఆ తిండి చాలక చిక్కిపోవడం తరచు చూసేదే. దాన్ని పట్టుకొస్తే వెనుక దిబ్బకు కూడా నష్టమే. ఆస్ట్రేలియాలో లిజర్డ్ ద్వీపం వద్ద ఎనిమిదిన్నర సంవత్సరాలు ఈ చేపలను తొలగిస్తూ పోగా అక్కడి చేపల సంఖ్య, జాతుల వైవిధ్యం తగ్గినట్టు 2011లో వెల్లడించారు. 2019లో జపాను శాస్త్రజ్ఞులు ఇదే చేప అద్దంలో తన బింబాన్ని చూసి ఒంటి మీది మచ్చను రాపిడితో తొలగించుకోజూసిందని ప్రకటించారు. దాని అర్థమేమిటన్న వాదం ఇంకా సాగుతూనే ఉన్నది. ఇక పగడాలను 2001లోనే మన వన్యప్రాణి రక్షణ చట్టం కింద చేర్చారు. మన్నారు దిబ్బ నుంచి తీసిన ముక్కను ఎవరైనా అమ్మజూపితే అది నేరమని తెలిసి ఉండాలి.

తండ్రి పాత్రలోనూ కొడుకు పొలంలోనూ తేలిన సత్యం ఒక్కటే: నీటికైనా నేలకైనా ఒక ధర్మం ఉన్నది, దాన్ని ముందు తెలుసుకోవాలి. నారు పోయకముందే నేల స్వభావం చూసుకునే మిరప రైతుకు ఈ మాట కొత్త కాదు. చేపను కొనకముందే దాని నిద్ర, తిండి, తగవు తెలుసుకోవడం మన వంతు.