నగర పోలీసు చట్టం – శిక్షాస్మృతి: హైదరాబాదులో ‘పెట్టీ కేసు’ చరిత్ర

అమీర్‌పేట – పంజాగుట్ట రహదారిపై రాకపోకలకు అడ్డుగా తోపుడుబండి నిలిపిన వ్యాపారిపై రెండు చట్టాల కింద కేసు పెట్టవచ్చు. ఒకటి నిజాం కాలపు హైదరాబాద్ నగర పోలీసు చట్టం. రెండవది దేశమంతటికీ వర్తించే శిక్షాస్మృతి. ఈ రెండింటి మధ్య భేదం ఎట్లా ఏర్పడిందో, అది నిందితునికి ఎంతవరకు అక్కరకు వస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నగర పోలీసు చట్టం 1348 ఫసలీ, అనగా 1938-39 నాటిది. అప్పట్లో సంస్థానానికి సొంత శిక్షాస్మృతి ఉండేది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన తర్వాత, 1951 నాటి ‘బి’ భాగ రాష్ట్రాల (చట్టాల) చట్టం 1860 నాటి భారత శిక్షాస్మృతిని ఇక్కడికి విస్తరింపజేసింది. నగర పోలీసు చట్టం మాత్రం స్థానిక చట్టంగా నిలిచింది.

ఈ విభజనకు ఆధారం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఉంది. శిక్షాస్మృతి విషయాలు ఉమ్మడి జాబితా 1వ అంశంలో చేరాయి. పోలీసు వంటి రాష్ట్ర విషయాలపై చేసిన చట్టాల ఉల్లంఘనలను ఆ అంశమే మినహాయించింది; రాష్ట్ర జాబితా 64వ అంశం వాటిని రాష్ట్రాలకు అప్పగించింది. కెనడాలో ఇటువంటి అధికార విభజనతో పాటు, 1978 నాటి సూ సెయింట్ మరీ తీర్పు నియంత్రణ ఉల్లంఘనలను అసలైన నేరాల నుంచి వేరు చేసింది. మన దేశంలో అధికారం చీలింది కాని, ‘నేరం’ అనే మాట చీలలేదు. 2024 వరకు అమలులో ఉన్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నిర్వచనం ప్రకారం, అమలులో ఉన్న ఏ చట్టం కింద శిక్షార్హమైనా అది నేరమే.

తీవ్రత కూడా గ్రంథాన్ని బట్టి నిర్ణయం కాలేదు. బాటకు అడ్డు కల్పించినందుకు శిక్షాస్మృతి 283వ సెక్షను విధించిన గరిష్ఠ జరిమానా 200 రూపాయలే. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షను దానిని 5,000 రూపాయలకు పెంచింది. ప్రత్యేక, స్థానిక చట్టాల జోలికి మాత్రం పోలేదు.

ఫలితం స్పష్టం. ‘పెట్టీ కేసే కదా’ అని మేజిస్ట్రేటు ఎదుట తప్పు ఒప్పుకొని జరిమానా కట్టిన వ్యాపారికైనా, మద్యం తాగి బండి నడిపి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను కింద పట్టుబడిన అమీర్‌పేట కోచింగ్ విద్యార్థికైనా మిగిలేది దోష నిర్ధారణే. ఉద్యోగ, వీసా దరఖాస్తులలో ‘మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా’ అన్న ప్రశ్న ఎదురైనప్పుడు గాని ఆ సంగతి వారికి తెలియదు. చిన్న ఉల్లంఘనకు చిన్న పేరు ప్రజల వాడుకలో ఉంది. చట్టం దృష్టిలో మాత్రం అదీ నేరమే.