ఇంటి కాగితాల్లో ఇల్లాలి పేరు

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనబోయే భార్యాభర్తలను అక్కడి సొలిసిటర్ కొన్ని ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. ఇల్లు ఎవరి పేరు మీద? ఇద్దరి పేరా అయితే ఇల్లంతా ఇద్దరికీ ఉమ్మడిగానా, ఎవరి వాటా వారికేనా? పెద్దవాళ్లు ఇంకెవరైనా ఆ ఇంట్లో ఉంటారా? ఎప్పుడైనా భర్త వ్యాపారం అప్పు కోసం ఆ ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తే, భార్యను విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు కూడా.

రెడింగ్‌లో ఉండే మా పిన్ని కూతురు ఈమధ్య ఇల్లు కొంటూ, "ఏంటక్కా, గృహప్రవేశం కాకముందే వాటాలు అడుగుతున్నారు" అని నవ్వింది. ఈ ప్రశ్నలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. చదివితే తెలిసింది, వీటిలో చాలావాటి వెనక ఇంటి కోసం కోర్టు మెట్లెక్కిన ఆడవాళ్లున్నారని.

మొదట్నుంచీ చెప్తాను. పాత ఇంగ్లండ్ చట్టం ప్రకారం పెళ్లయిన ఆడదానికి భర్త నుంచి విడిగా ఉనికే లేదు. 1765లో బ్లాక్‌స్టోన్ అనే న్యాయ పండితుడు రాసిన పుస్తకంలో ఇదే మాట ఉంది. పెళ్లితో ఆమె డబ్బూ నగలూ సామానూ భర్తవైపోయేవి. పుట్టింటి నుంచి వచ్చిన భూమి ఉన్నా, దాని మీద అజమాయిషీ, వచ్చే అద్దె అతనివే. కలవాళ్లు కూతురి ఆస్తిని ట్రస్టు పేరుతో కాపాడుకునేవాళ్లు. లేనివాళ్లకు ఆ దారి కూడా లేదు. మనవైపు ఎంతవరకు అమలయిందన్నది వేరే సంగతి గానీ, స్త్రీధనం అనే మాటైనా మన శాస్త్రాల్లో ఉంది. 

కరొలిన్ నార్టన్ అనే రచయిత్రి 1836లో భర్త నుంచి విడిపోయింది. పుస్తకాలు రాసి సంపాదించుకుంటే ఆ డబ్బు కూడా చట్టప్రకారం భర్తదే. పిల్లల్ని ఆమెకు దూరం చేశాడు. ఆమె ఊరుకోలేదు. కరపత్రాలు రాసింది, 1855లో విక్టోరియా రాణికి బహిరంగ లేఖ రాసింది. ఆ మరుసటేడు బార్బరా లీ స్మిత్, ఆమె స్నేహితురాళ్లు వేలాది సంతకాలు సేకరించి పార్లమెంటుకు అర్జీ పెట్టారు. అయినా పెళ్లయిన ఆడవాళ్లందరికీ వర్తించే ఆస్తి చట్టం 1870 దాకా రాలేదు. అప్పుడు భార్య సంపాదన భార్యదేనన్నారు. 1882 చట్టంతో పెళ్లయిన స్త్రీ సొంతంగా ఆస్తి కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, తనకు నచ్చినవారికి రాసివ్వవచ్చు అన్నారు. 1883 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

హక్కయితే వచ్చింది గానీ, ఇంటి కాగితాల్లోకి పేరు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అప్పు సంపాదించే మగవాడికే ఇచ్చేవాళ్లు కాబట్టి ఇల్లు అతని పేరునే ఉండేది. ఉద్యోగం చేసే ఆడమనిషి వెళ్లి అప్పు అడిగినా, మగవాళ్లెవరైనా హామీ ఉండాలని అడగడం మామూలే. 1975లో లింగ వివక్ష నిషేధ చట్టం వచ్చాక గానీ అలా అడగడం తప్పు కాలేదు.

మరి పేరు లేని ఇల్లాలి సంగతేమిటి? 1965లో ఎయిన్స్‌వర్త్ కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. అప్పట్లో అక్కడ అదే అన్నిటికన్నా పై కోర్టు. భర్త భార్యాపిల్లల్ని వదిలి వెళ్లిపోయాడు. ఇంటిని తన కంపెనీ పేరుకు మార్చాడు. కంపెనీ దాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టింది. అప్పు తీరక బ్యాంకు ఇల్లు ఖాళీ చేయమంది. ఆ ఇంట్లో ఉండే హక్కు భర్త మీదే గానీ బ్యాంకు మీద చెల్లదని తీర్పొచ్చింది. దాని మీద గగ్గోలు పుట్టి 1967లో కొత్త చట్టం తెచ్చారు. ఇల్లు ఒక్కరి పేరునే ఉన్నా, రెండోవారికి ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంటుంది. దాన్ని నమోదు చేయించుకుంటే ఇల్లు కొనేవాళ్లకీ, ఆ తర్వాత అప్పిచ్చేవాళ్లకీ అది అడ్డుపడుతుంది. ఇప్పుడది 1996 కుటుంబ చట్టంలో ఉంది. ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదుకు రుసుము కూడా లేదు. ఇంట్లో ఉండనివ్వడం వరకే, వాటా మాత్రం రాదు.

1980లో బోలండ్ కేసు వచ్చింది. ఇల్లు భర్త పేరునే ఉంది గానీ కొనేటప్పుడు భార్య కూడా డబ్బు పెట్టింది. అతను వ్యాపారం కోసం తాకట్టు పెడుతుంటే బ్యాంకు ఆమెను ఒక్క మాటా అడగలేదు. ఆమె ఆ ఇంట్లో ఉన్నది భర్త నీడలా కాదు, ఆమె వాటా బ్యాంకు మీద కూడా చెల్లుతుంది అన్నారు జడ్జీలు. ఇప్పుడు ఇల్లు అమ్మేవాళ్లు నింపే ఫారంలో "17 ఏళ్లు నిండినవాళ్లు ఇంకెవరున్నారు?" అనే ప్రశ్న ఉంటుంది. అప్పిచ్చే బ్యాంకు కూడా పేరులేని పెద్దవాళ్ల చేత సంతకాలు పెట్టించుకుంటుంది. మనవాళ్ల ఇళ్లలో అత్తగారో అమ్మో వచ్చి ఉంటే వాళ్లకీ ఆ కాగితం వస్తుంది. అంటే, తమకు ఏ హక్కున్నా బ్యాంకు తర్వాతే అని ఒప్పుకోవడం.

2001లో ఎట్రిడ్జ్ కేసు. భర్తల వ్యాపార అప్పులకు ఇల్లు పూచీ పెట్టిన భార్యల కేసులు కొన్ని కలిపి విన్నారు. సొలిసిటర్ ఆమెతో ముఖాముఖి, భర్త లేనప్పుడు, మామూలు మాటల్లో చెప్పాలని నియమం పెట్టారు. విడిగా కూర్చోబెట్టడం అందుకే.

ఇక వాటాల ప్రశ్న. ఇది 1925 చట్టం కన్నా పాతది. ఉమ్మడిగా ఉంటే ఒకరు పోగానే ఇల్లంతా రెండోవారిదే, వీలునామాతో పని లేదు. విడివిడి వాటాలైతే ఎవరి వాటా వారి వీలునామా ప్రకారం వెళ్తుంది. మొదటి పెళ్లి పిల్లలున్నవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. పెళ్లి కాకుండా కలిసి ఉండేవాళ్లకైతే మరీను. ఎన్నేళ్లు కలిసున్నా అక్కడి చట్టం వాళ్లను భార్యాభర్తలుగా చూడదు. 2007లో స్టాక్, డౌడెన్ అనే జంట కేసులో ఇల్లు ఇద్దరి పేరా ఉంది, వాటాలు రాసుకోలేదు. ఎక్కువ డబ్బు పెట్టిన ఆమె 65 శాతం కోసం హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లాల్సి వచ్చింది. కొనేరోజు కాగితంలో ఒక్క ముక్క రాసుకుంటే పోయేది.

మనవాళ్ల విషయంలో ఇంకొకటుంది. ఇక్కడ నాన్న స్థలం అమ్మి కూతురికి డబ్బు పంపిస్తాడు. అది బహుమతి మాత్రమేనని, ఇంట్లో తనకు వాటా లేదని బ్యాంకు ఆయన చేత ఉత్తరం రాయించుకుంటుంది. ఆ డబ్బు కూతురి వాటాగా ఉండాలనుకుంటే, ఆ సంగతి భార్యాభర్తల మధ్య వాటాల పత్రంలో విడిగా రాయించుకోవాలి. ఇంటి పేరు అల్లుడి ఒక్కడిదే అయితే, తర్వాత నిరూపించుకోవడం కష్టం.

ఇది మొగుణ్ణి నమ్మకపోవడం కాదు. ఎయిన్స్‌వర్త్ గారి భార్యా, బోలండ్ గారి భార్యా కూడా నమ్మే కాపురం చేసి ఉంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లో మీవాళ్లు ఇల్లు కొంటుంటే (స్కాట్లాండ్ చట్టం వేరు), సొలిసిటర్ పంపిన కాగితాలు భర్తకే వదిలేయొద్దని చెప్పండి. తన పేరు ఉందా, వాటా ఎలా రాశారు, తను దేనికి సంతకం పెడుతోంది, ఈ మూడూ తనే చదివి తెలుసుకోమనండి. అర్థం కాకపోతే అడగమనండి. చెప్పడం ఆ సొలిసిటర్ పనే.