షరతులు వర్తిస్తాయి: పైథాన్ 'ఇఫ్' గొడవ, మా చీరాల పాకలు

ఒక్క లైన్లో రాసే 'ఇఫ్-ఎల్స్' వెనక ఎంత రాజకీయం నడిచిందో మనలో చాలామందికి తెలీదు.

జాన్ మెకార్తీ 1957-58లో ఫోర్ట్రాన్‌లో చదరంగం ప్రోగ్రాం రాస్తూ షరతుని ఒక ఫంక్షన్‌గా పెట్టుకున్నాడు. అవసరం ఉన్నా లేకపోయినా అది రెండు విలువల్నీ లెక్క కట్టేసేది. ఆ చిరాకులోంచే, కావలసినదాన్ని మాత్రమే లెక్కకట్టే షరతు పుట్టి లిస్ప్‌లోకి వెళ్ళింది. సి భాషలో అదే పని ప్రశ్నార్థకం, కోలన్ చేస్తాయి.

పైథాన్‌లో మాత్రం చాలాకాలం అది లేదు. 2003లో గీడో వాన్ రోసమ్ పెప్ 308 ప్రతిపాదించి ఓటింగ్ పెడితే తలో రకం కావాలన్నారు. దేనికీ స్పష్టమైన మెజారిటీ రాలేదు, మార్పు ఆగిపోయింది.

మరి జనం ఊరుకుంటారా? 'అండ్-ఆర్' కలిపి అడ్డదారి వేసుకున్నారు. నాకిది 1921 నాటి మా చీరాలని గుర్తు చేస్తుంది. చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేస్తే పన్నులు పెరిగాయి. రద్దు చెయ్యమంటే సర్కారు వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఊరొదిలి, హద్దు అవతల పాకలు వేసి రామనగర్ కట్టుకున్నారు. 'హద్దులో ఉంటే పన్ను' అన్నది షరతైతే, ఆ షరతే తమకి వర్తించకుండా చేసుకున్నారన్నమాట! దాదాపు పదకొండు నెలలు ఎండకీ వానకీ ఓర్చుకున్నారు. చివరికి వెనక్కి రాక తప్పలేదు, మునిసిపాలిటీ మాత్రం అలాగే ఉండిపోయింది.

'అండ్-ఆర్' పాక కూడా కారింది. షరతు నిజమైనా, మొదటి విలువ సున్నా అయితే రెండోది వచ్చేస్తుంది. ఎర్రర్ రాదు, జవాబే తప్పు. అనుభవజ్ఞులు కూడా ఇందులో పడుతున్నారని తేలాక, 2005 సెప్టెంబరులో గీడో ఓట్లతో పనిలేకుండా తేల్చేశాడు. 2006లో పైథాన్ 2.5తో 'ఎక్స్ ఇఫ్ షరతు ఎల్స్ వై' వచ్చింది.

"వానొస్తే ఆగుతా, లేకపోతే వస్తా" అనే మనకి షరతు మధ్యలో రావడం ఎబ్బెట్టే. కానీ మామూలుగా జరిగేది ముందు, అరుదైనది చివర అన్న లెక్కలో అది సబబే.

నా మటుకు నేను నేర్చుకున్నది ఇదీ: మీ టీములో రూలు మార్చమని అడిగేటప్పుడు "నాకిది నచ్చింది" అనకండి, జనం ఎక్కడ పాకలు వేసుకున్నారో, అవి ఎక్కడ కారుతున్నాయో చూపించండి. ఏమంటారు?