ఏకవర్ణ ఛాయాచిత్రంలో భావవ్యక్తీకరణ: చారిత్రక పరిశీలన

పాత ఛాయాచిత్రం గోధుమరంగులో ఉంటే గతస్మృతిని, నీలిరంగులో ఉంటే విషాదాన్ని సూచిస్తుందని చెప్పడం నేడు సాధారణమైంది. పుస్తకాల ముఖచిత్రాలలోనూ, చలనచిత్రాల గతకథా సన్నివేశాలలోనూ ఈ సంకేతాలు విరివిగా కనిపిస్తాయి. ఈ భావాలు ఆయా రంగులలో సహజంగా ఉన్నాయా, చరిత్రక్రమంలో వచ్చి చేరాయా అన్నది పరిశీలించవలసిన ప్రశ్న. ఛాయాచిత్రకళ చరిత్రలో ఏకవర్ణం మొదట రసాయనచర్య ఫలితంగా వచ్చిందనీ, తరువాత కళాకారుని ఎంపికగా మారిందనీ, చివరకు భావసంకేతంగా స్థిరపడిందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకే రంగు చిక్కదనంలోని హెచ్చుతగ్గులతో రూపుదిద్దుకొన్న చిత్రాన్ని ఇక్కడ ఏకవర్ణ ఛాయాచిత్రంగా గ్రహించడం జరిగింది.

1. రసాయనం ఇచ్చిన నీలం

1842లో ఆంగ్ల శాస్త్రవేత్త సర్ జాన్ హెర్షెల్ సైనోటైప్ ప్రక్రియను కనుగొన్నాడు. ఫెర్రిక్ అమోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్ ద్రావణాలను కలిపి కాగితానికి పూసి, ఆరిన తరువాత ఎండలో ఉంచితే, వెలుతురు సోకిన చోట ప్రష్యన్ నీలం ఏర్పడుతుంది. మిగిలిన లవణాలను మంచినీటితో కడిగితే చిత్రం నిలుస్తుంది. వెండి లవణాల అవసరం లేని ఈ పద్ధతిలో ఖర్చు తక్కువ. ఈ ప్రక్రియలో నీలిరంగు ఎవరూ కోరి తెచ్చుకొన్నది కాదు. ఇనుప లవణాల చర్య వల్ల వచ్చే రంగు అదే.

ఈ ప్రక్రియను గ్రంథరచనకు మొదట వినియోగించిన వ్యక్తి అన్నా అట్కిన్స్. ఆమె 1843లో ఆరంభించి సుమారు పదేళ్లపాటు భాగాలుగా వెలువరించిన బ్రిటిష్ సముద్రశైవలాల సంపుటం, ఛాయాచిత్రాలతో కూడిన తొలి పుస్తకంగా ప్రసిద్ధి పొందింది. ఎండబెట్టిన సముద్రపు నాచును ఆమె నేరుగా కాగితంపై ఉంచి ఎండకు చూపింది. చిక్కటి నీలం నడుమ తెల్లని ఆకృతులు తేలాయి. నేటి ప్రేక్షకునికి ఆ నీలం సముద్రపు లోతుగా, నిశ్శబ్దంగా తోచవచ్చు. కాని ఆమె ప్రయోజనం వృక్షశాస్త్ర సంబంధి. చేతితో గీయడానికి కష్టమైన సూక్ష్మాకృతులను యథాతథంగా నమోదు చేయడమే ఆమె లక్ష్యం. తరువాతి కాలంలో ఇదే ప్రక్రియ భవన నిర్మాణాల, యంత్రాల నమూనాపత్రాలకు నకళ్లు తీయడానికి ఉపయోగపడింది. బ్లూప్రింట్ అనే మాట అలా వచ్చిందే. ఇంజనీరు బల్లపై పరచిన అలాంటి పత్రంలో విషాదాన్ని ఎవరూ చూడలేదు. ఒకే రంగు ఒకచోట సముద్రాన్ని, మరొకచోట కట్టడపు కొలతలను చూపగలిగిందంటే భావం కేవలం రంగులో లేదని స్పష్టం.

2. ఎంపికగా మారిన రంగు

19వ శతాబ్ది చివరినాటికి ఛాయాచిత్రం కళ అవునా కాదా అన్న చర్చ బలపడింది. 1889లో ప్రకృతివాద ఛాయాచిత్రకళపై గ్రంథం రాసిన పీటర్ హెన్రీ ఎమర్సన్, ప్రకృతిదృశ్యాన్ని ఎరుపులోనో సైనోటైప్ నీలంలోనో ముద్రించడం కళను ధ్వంసం చేసే పని అన్న అర్థంలో తీవ్రంగా నిరసించాడు. చిత్రానికి రంగు అనుచితం కావచ్చునన్న ఈ నిరసనలోనే, రంగు ఉచితం కూడా కావచ్చునన్న అంగీకారం దాగి ఉంది. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, ఛాయాచిత్రంలో రంగు ఔచిత్య విచారణకు విషయమైంది.

ఈ పరిణామానికి ఎడ్వర్డ్ స్టైకెన్ చిత్రం ‘ది ఫ్లాటైరన్’ ఉత్తమోదాహరణ. న్యూయార్కు నగరంలో కొత్తగా వెలసిన ఎత్తైన ఫ్లాటైరన్ భవనాన్ని, తడిసిన వీధిని, చెట్టుకొమ్మను, గుర్రపుబండి వాళ్లను అతడు 1904లో చిత్రించాడు. ప్లాటినం ప్రతిపై, తుమ్మబంకలోనూ పొటాషియం బైక్రోమేటులోనూ కలిపిన వర్ణద్రవ్యాన్ని పొరలుగా పూసి వెలుతురుకు చూపడం ద్వారా రంగు తెచ్చాడు. ఒకే చిత్రానికి వేర్వేరు రంగులలో చేసిన మూడు ప్రతులు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ మూడు ప్రతులను పోల్చి చూడడం ఏకవర్ణ విమర్శకు ప్రయోగశాల వంటిది. వస్తువు, కూర్పు, వెలుగునీడల అమరిక మూలతః ఒకటే. మారినది రంగు. నీలిపచ్చ ప్రతిలో సంధ్య చల్లబడి రాత్రిలోకి జారుతున్నట్లు తోస్తుంది. గోధుమవన్నె ప్రతిలో పగటి వెలుగు ఇంకా పూర్తిగా పోనట్లు అనిపిస్తుంది. అట్కిన్స్ నీలం ప్రక్రియతోపాటు వచ్చింది. స్టైకెన్ నీలిపచ్చ మాత్రం ఇతర రంగులను కాదని నిలిచింది. వేరొక రంగుకు అవకాశం ఉన్నప్పుడే ఒక రంగు అర్థవంతమవుతుంది. పర్యాయపదాలున్నప్పుడే కవి పదప్రయోగంలో విశేషం తెలిసినట్లు, ప్రత్యామ్నాయాలున్నప్పుడే వర్ణప్రయోగంలో వివక్ష తెలుస్తుంది.

ఎంపిక పదేపదే జరిగితే సంప్రదాయమవుతుంది. మూకీ చలనచిత్రాల కాలంలో ఫిల్మును రంగునీటిలో ముంచి రాత్రి దృశ్యాలకు నీలం, దీపకాంతికి పసుపువన్నె, అగ్నిప్రమాదాలకు ఎరుపు అద్దడం వాడుకయింది. శబ్దచిత్రాలు వచ్చాక, ఫిల్ము అంచున ఉండే ధ్వనిపట్టీపై పడే వెలుతురును ఈ రంగులు అడ్డగించసాగాయి. దానికి పరిష్కారంగా ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ 1929లో సోనోక్రోమ్ పేరుతో ముందుగానే రంగు వేసిన ఫిల్మును విడుదల చేసింది. ఆ రంగులకు ‘నాక్టర్న్’, ‘ఇన్‌ఫెర్నో’, ‘కాండిల్‌ఫ్లేమ్’, ‘సన్‌షైన్’ వంటి పేర్లు పెట్టింది. రాత్రిగీతం, నరకాగ్ని, దీపజ్వాల, సూర్యకాంతి అని వాటి భావం. అంటే నీలం, ఎరుపు అన్న రంగుల పేర్లు తొలగి సన్నివేశాల పేర్లు, మనఃస్థితుల పేర్లు వచ్చాయి. వర్ణానికీ భావానికీ గల సంబంధం ఇక్కడ వ్యాపార పట్టికలోకి ఎక్కింది.

3. సందర్భం ఇచ్చే అర్థం

బహువర్ణ ఫిల్ము వాడుకలోకి వచ్చిన తరువాత ఏకవర్ణం స్వరూపం మారింది. అన్ని రంగులనూ నమోదు చేయగల ఫిల్ముపై ఒకే రంగు చిత్రమంతా ఆవరించేలా చూడడం కొత్త మార్గమైంది. అమెరికా ఛాయాచిత్రకారుడు విలియం ఎగుల్‌స్టన్ 1973లో మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్‌లో తీసిన చిత్రం ‘ది రెడ్ సీలింగ్’గా ప్రసిద్ధం. ముదురు ఎరుపు రంగు వేసిన గది పైకప్పు, దాని నడుమ ఒక విద్యుద్దీపం, ఆ దీపానికి పాకిన తెల్లని తీగలు, ఇంతే అందులోని ముఖ్యవస్తువులు. డై ట్రాన్స్‌ఫర్ అనే ఖరీదైన పద్ధతిలో ముద్రించినందువల్ల ఆ ఎరుపుకు అసాధారణమైన చిక్కదనం వచ్చింది. పుస్తకపుటలపై అచ్చయిన ఏ ప్రతీ తనకు తృప్తినివ్వలేదని ఎగుల్‌స్టన్ చెప్పుకొన్నాడు.

ఈ చిత్రం చూపరిలో అలజడి కలిగిస్తుంది. అయితే ఆ అలజడికి ఎరుపొక్కటే కారణం కాదు. కెమెరా పైకి చూడడం, గోడల ఆసరా కనబడకపోవడం, కప్పు మూలలోకి కుంచించుకుపోవడం, తెల్లని తీగలు ఎరుపును చీల్చినట్లుండడం కలిసి ఆ భావాన్ని నిర్మిస్తున్నాయి. ఇదే ఎరుపు పెళ్లిపందిరి చిత్రంలో ఆవరిస్తే ఉత్సాహమే కలుగుతుంది. రసశాస్త్ర దృష్టితో చూస్తే రంగు ఉద్దీపన విభావం వంటిది. ఆలంబనం లేనిదే ఉద్దీపనం రసాన్ని నిష్పాదించలేదు.

4. రసవర్ణాలు, తెలుగు నుడికారం

సోనోక్రోమ్ పట్టిక వంటి వర్ణభావ సంబంధం భారతీయ సాహిత్యశాస్త్రానికి కొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో ఎనిమిది రసాలకు ఎనిమిది వర్ణాలు నిర్దేశించి ఉన్నాయి. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు కపోతవర్ణం, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. పాశ్చాత్య సంకేతంతో పోలిస్తే ఇందులో రెండు విశేషాలున్నాయి. ఇంగ్లీషులో విషాదానికి పర్యాయమైన నీలం ఇక్కడ జుగుప్సకు చెందింది. విషాదానికి దగ్గరైన కరుణ పావురపు బూడిదవన్నెను పొందింది.

అదే గ్రంథం ఎనిమిదవ అధ్యాయంలో నటుని ముఖరాగాలు నాలుగని చెప్పింది. అవి స్వాభావికం, ప్రసన్నం, రక్తం, శ్యామం. రసవర్ణంగా శృంగారానికి చెందిన శ్యామం, ముఖరాగంగా భయానక బీభత్సాలకు చెందింది. ఒకే శాస్త్రంలో ఒకే వర్ణశబ్దం ప్రకరణాన్ని బట్టి భిన్నభావాలను సూచించడం గమనార్హం. కనుక నాట్యశాస్త్రంలోని పట్టికను కూడా సార్వకాలిక నియమంగా ఛాయాచిత్రాలకు అన్వయించడం సరికాదు. అది ఒక సంప్రదాయపు సంకేతవ్యవస్థ.

తెలుగు నుడికారం మరొక వ్యవస్థను చూపుతుంది. కోపంతో కళ్లు ఎర్రబడతాయి. అవమానంతోనో దిగులుతోనో ముఖం నల్లబడుతుంది. నివ్వెరపాటుతో మనిషి తెల్లబోతాడు. కళకళలాడే కాపురం పచ్చని సంసారమవుతుంది. నీలం సంగతి వేరు. నల్లని కురులను నీలికురులంటారు, అకారణంగా మీదపడిన నిందను నీలాపనింద అంటారు. ఈ నుడికారాలలో దుఃఖానికి నలుపు గుర్తు, నీలం కాదు. పైగా పచ్చ అనే మాట ఆకురంగుకూ పసుపువన్నెకూ ఉమ్మడిగా వర్తిస్తుంది. పచ్చని పైరు, పచ్చకామెర్లు రెండింటిలోనూ ఉన్నది ఆ మాటే. ఒకటి సమృద్ధి, రెండవది వ్యాధి. భాష రంగులను విభజించే తీరు వేరైనప్పుడు, రంగు ద్వారా భావాన్ని గ్రహించే తీరూ వేరు కావడానికి అవకాశముంది. నీలి ఛాయాచిత్రంలో నేటి తెలుగు పాఠకుడు విషాదాన్ని చూస్తున్నాడంటే, అది ప్రధానంగా ఇంగ్లీషు చదువు ద్వారా, చలనచిత్రాల ద్వారా అలవడిన చూపు అనుకోవడం సమంజసం.

5. గోధుమరంగు: కాలం తెచ్చిన మార్పు

ఈ చర్చ తెలుగు ప్రాంతపు చరిత్రకు ఆధారాలైన చిత్రాల విషయంలో ఆచరణాత్మక ప్రాధాన్యం సంతరించుకొంటుంది. లాలా దీన్‌దయాళ్ (1844–1905) ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి నిజాం కొలువును, ప్రాసాదాలను, వేటలను, సైనిక విన్యాసాలను చిత్రించాడు. నిజాం నుంచి రాజా బిరుదు పొందాడు. ఆ కాలపు హైదరాబాదును నేడు ఊహించుకోవడానికి ఆయన చిత్రాలు ముఖ్యాధారాలు. వాటిని ప్రస్తావించే రచనలు గోధుమవన్నెను గతవైభవపు ఛాయగా వర్ణించడం కద్దు.

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో విస్తారంగా వాడిన ఆల్బ్యుమిన్ కాగితాన్ని 1850లో ఫ్రాన్సుకు చెందిన బ్లాంకార్ ఎవ్రార్ ప్రవేశపెట్టాడు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆ కాగితంపై వెండి లవణాల వల్ల ఎర్రగోధుమ ఛాయ గల చిత్రం ఏర్పడేది. బంగారు లవణంతో టోనింగ్ చేస్తే అది ఊదా కలిసిన గోధుమవన్నెకు తిరిగేది. కాలం గడిచేకొద్దీ తెల్లసొన పసుపుబారుతుంది. వెండి క్షీణించి చిత్రం వెలిసిపోతుంది. దీన్‌దయాళ్ 1880లలో తీసిన చిత్రాలకు గల ఆల్బ్యుమిన్ ప్రతులలో నేడు కనబడే పసుపుగోధుమ వన్నె చాలావరకు ఈ మార్పు ఫలితమే. ఆనాటి దర్బారీలు చేతికి తీసుకొని చూసిన ప్రతి నిగనిగలాడే ముదురు ప్రతి. వారికి అది గతం కాదు, తమ వర్తమాన వైభవం.

సెపియా అన్న మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. అది కటిల్‌ఫిష్ అనే సముద్రప్రాణి సిరా నుంచి వచ్చిన చిత్రకారుల రంగు పేరు. ఛాయాచిత్రాలలో సెపియా టోనింగ్ అంటే వెండిని వెండి సల్ఫైడుగా మార్చడం. దీనివల్ల రంగు మారడమే కాక చిత్రం మన్నిక పెరుగుతుంది. తెల్లసొన పసుపుబారడం క్షయలక్షణం. సెపియా టోనింగ్ రక్షణోపాయం. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల నష్టానికీ సంకల్పానికీ మధ్య భేదం చెరిగిపోతుంది. తటస్థమైన నలుపు తెలుపు ప్రతులు ఇంటింటా పరిచితమైన తరువాతే గోధుమరంగు పాతదనానికి గుర్తయింది. అంటే గతస్మృతి అన్న భావం ఈ చిత్రాలను తీసినవారు ఉద్దేశించినది కాదు, తరువాతి తరాల చూపు చేర్చినది.

ముగింపు

ఏకవర్ణ ఛాయాచిత్రపు భావాన్ని వివరించేటప్పుడు మూడు అంశాలను విడివిడిగా నిర్ణయించవలసి ఉంటుంది. ఆ రంగు ప్రక్రియ వల్ల వచ్చిందా, కళాకారుడు ఎంచుకొన్నదా, కాలక్రమంలో ఏర్పడిందా అన్నది మొదటిది. ఆ కాలపు ప్రేక్షకునికి వేరే రంగులు పరిచితమా కాదా అన్నది రెండవది. చూసేవారి భాషలో, సంప్రదాయంలో ఆ రంగుకు గల సంకేతార్థం మూడవది. అట్కిన్స్ నీలం మొదటి కోవకు, స్టైకెన్ నీలిపచ్చ రెండవ కోవకు, దీన్‌దయాళ్ ప్రతులలోని పసుపుగోధుమ మూడవ కోవకు చెందుతాయన్నది మొదటి అంశానికి సమాధానం.

గ్రంథాలయాలు, సంగ్రహాలయాలు పాత చిత్రాలను డిజిటల్ రూపంలోకి మారుస్తున్న ఈ కాలంలో ఈ భేదం మరింత అవసరం. పసుపును తొలగించి బూడిదవన్నెగా మార్చినా, అందం కోసం కొత్తగా గోధుమవన్నె అద్దినా, కాగితం, రసాయనం, కాలం మిగిల్చిన సాక్ష్యం పోతుంది. తాళపత్రానికి పాఠపరిష్కర్త చూపే శ్రద్ధ ఛాయాచిత్రానికీ చెల్లాలి. ప్రతి ఉన్న స్థితిలోనే నమోదై, సవరించిన రూపం వేరుగా, సవరణ వివరాలతో ఉండాలి. మూలప్రతిలోని అక్షరాన్ని తన ఊహతో దిద్ది, ఆ దిద్దుబాటునే కవిపాఠంగా ముద్రించే పద్ధతిని తెలుగు పరిష్కరణ సంప్రదాయం ఏనాడో నిరాకరించింది. ఛాయాచిత్రపు రంగు విషయంలోనూ ఆ నియమమే ప్రమాణం కాదగినది.